భూస్వామి శబ్దవిచారము: రావి నారాయణరెడ్డిగారి జీవితము

ఈ వ్యాసమునకు హేతువు ఒక విద్యార్థి ప్రశ్నము. నేను సంగారెడ్డి ప్రాంతమున చాలకాలముగా భాషాబోధనము చేయుచున్నాను. ఒకనాడు షష్ఠీతత్పురుష సమాసమునకు ఉదాహరణముగా “భూస్వామి” యను పదము నిచ్చి “భూమికి స్వామి” యని విగ్రహము చెప్పితిని. అంతట వెనుకవరుసనుండి యొక బాలుడు లేచి, “అయ్యా, రావి నారాయణరెడ్డిగారు భూమి నిచ్చివేసిరని చదివితిని. ఆ పుస్తకముననే వారిని భూస్వామి యని వ్రాసియున్నారు. ఇచ్చివేసిన పిమ్మట స్వామి యెట్లగును?” అని యడిగెను. గంట మ్రోగుటచే నే నప్పుడు తప్పించుకొంటిని గాని, ఆ ప్రశ్నము నన్ను విడువలేదు. వ్యాకరణము చదివినవాడు దానికి సమాధానము చెప్పవలసియున్నది. నాకు తోచినంతవఱకు విచారించి పండితుల యెదుట నుంచుచున్నాను.

మొదట శబ్దమును జూతము. “స్వ” శబ్దమునకు తాను, తనది, జ్ఞాతి, ధనము అని నాలుగర్థములు కోశకారులు చెప్పిరి. దానినుండి ఐశ్వర్యార్థమున “స్వామి” శబ్దమును పాణిని నిష్పన్నము చేసెను. కావున స్వామి యనగా కేవలము కలవాడు కాడు; కలదానిపై అధికారము చెల్లించువాడు. ఈ శబ్దముతో కూడినప్పుడు షష్ఠియే కాక సప్తమియు వచ్చునని వేఱొక సూత్రమున విధింపబడినది. గోవులకు స్వామి, గోవులయందు స్వామి, రెండును సాధువులే. ఆ సూత్రముననే స్వామితోబాటు ఈశ్వరుడు, అధిపతి, దాయాదుడు, సాక్షి, ప్రతిభువు, ప్రసూతుడు అను శబ్దములును గలవు. ఈ పట్టికను పాఠకులు మనసున నుంచుకొందురు గాక. వ్యాసాంతమున దీనితో పని గలదు.

ఇక భూమి మాట. నైజాము రాజ్యమున భూమి స్థూలముగా మూడు తెఱగులుగ నుండెను. ప్రభుత్వమునకు నేరుగా శిస్తు చెల్లు ఖాల్సా భూములు సుమారు నూటికి 60 పాళ్లు, జాగీరులు 30 పాళ్లు, నిజాముగారి సొంత ఖర్చులకై యేర్పడిన సర్ఫేఖాస్ 10 పాళ్లు. దేశముఖులు మొదట శిస్తు వసూలు చేయు పరంపరాధికారులు. 19వ శతాబ్ది యుత్తరార్ధమున సాలార్‌జంగు సంస్కరణములచే వారి వసూలు అధికారము పోయి, దానికి మాఱుగా వంశపారంపర్యమైన రుసుములు లభించినవి. అధికారము పోయినను గ్రామముపై పట్టు పోలేదు. సర్వే జరిగి పట్టాలు వ్రాయబడిన కాలమున వ్రాతకోతలు తెలిసినవారు వారే యగుటచే, తరతరములుగా దున్నినవారి పొలములనేకము వారి పేరనే యెక్కినవి. సూర్యాపేట తాలూకాలో ఒకే కుటుంబమునకు లక్షన్నర యెకరముల భూమి యుండెనని పుచ్చలపల్లి సుందరయ్యగారు వ్రాసిరి.

భూమితోబాటు వెట్టియు నుండెను. ఈ “వెట్టి” శబ్దము సంస్కృతమున “విష్టి”; ప్రాకృతద్వారమున మనకు వచ్చిన తద్భవము. కౌటిల్యుని అర్థశాస్త్రమున విష్టి ప్రస్తావము గలదు. రెండువేల యేండ్లనాటి శబ్దము రూపము మాఱియు అర్థము మాఱక తెలంగాణపు పల్లెలలో 20వ శతాబ్ది నడుమ దాక జీవించియుండుట భాషాచరిత్రజ్ఞులకు వింతయైనను, మోసినవారికి భారమే. ధర చెల్లింపకయే చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, బోయ, గొల్ల మున్నగువారిచే దొర గడీలో పని చేయించుకొనుట దాని స్వరూపము. దొర యెదుట “నీ బాంచెను, కాల్మొక్కుత” అనుట ఆ కాలపు సంభాషణమర్యాద. బాంచ యనగా దాసి. తన్ను తాను దాసిగా జెప్పుకొనక నోరు విప్పుటకు వీలులేని భాష యది.

ఇట్టి దేశమున, నల్లగొండ జిల్లా భువనగిరి తాలూకా బొల్లేపల్లి గ్రామమున, సంపన్నమైన భూస్వామికుటుంబమున రావి నారాయణరెడ్డిగారు 1908వ సంవత్సరమున జన్మించిరి. ఆ సంవత్సరమే మా సంగారెడ్డి జిల్లాకు జేరిన అందోలున ఉర్దూకవి మఖ్దూం మొహియుద్దీను పుట్టెను. ఒకరు గడీలను గలిగిన వర్గమువారు, మఱియొకరు పేదయింటి కవి. వీరిరువురును తరువాత ఒకే ప్రకటనపై సంతకము చేయుదురని అప్పు డెవ్వరును తలచియుండరు.

నారాయణరెడ్డిగారు హైదరాబాదులో చదువుచుండగా 1930లో ఉప్పుసత్యాగ్రహము వచ్చెను. చదువు మాని కాకినాడకు బోయి యందు పాల్గొనిరి. ఆ యేడే అందోలు ప్రక్కనున్న జోగిపేటలో నిజామాంధ్ర మహాసభ ప్రథమాధివేశనము సురవరం ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జరిగెను. దానితోబాటే నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను మహిళాసభయు జరిగెను. ఈ మహాసభ పుట్టుకకు మూలము భాషాభిమానము. 1921లో హైదరాబాదు వివేకవర్ధనీ ప్రాంగణమున సంఘసంస్కారసభ జరుగుచుండగా అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప లేచిరి. సభలోనివారు నవ్వి, గోల చేసి ప్రసంగము సాగనీయరైరి. ఆ యవమానమునుండి ఆంధ్రజనసంఘము, దానినుండి క్రమముగా మహాసభ వెలసినవి. తెలంగాణమున కవులు లేరన్న మాటకు ప్రత్యుత్తరముగా 354 మంది కవుల కృతులతో గోలకొండ కవుల సంచికను 1934లో ప్రతాపరెడ్డిగారు ప్రకటించిన సంగతి యీ పత్రిక చదువువారికి క్రొత్త కాదు.

మహాసభ తొలినాళ్లలో తీర్మానములు విజ్ఞాపనరూపమున నుండెడివి. పాఠశాలలు కావలెను, తెలుగున బోధన కావలెను, గ్రంథాలయములపై నిర్బంధములు తొలగవలెను అని కోరుచుండిరి. కోరినవారిలో పెక్కురు వకీళ్లు, భూవసతి గలవారు. వారి సేవ చిన్నది కాదు. కాని వెట్టి చేయువాడు సభకు రాలేదు. వచ్చినను వెనుకనే నిలిచెను. నారాయణరెడ్డిగారు ఆ కాలమున హరిజనసేవక సంఘమున పనిచేయుచు వాడలకు బోయిరి. 1938 అక్టోబరులో హైదరాబాదు స్టేటు కాంగ్రెసు సత్యాగ్రహము నారంభించినప్పుడు మొదటి జట్టులో జైలునకు వెళ్లిరి. పిమ్మట కమ్యూనిస్టు పక్షమున జేరిరి. 1941లో చిలుకూరున జరిగిన యెనిమిదవ మహాసభకును, 1944లో భువనగిరిలో జరిగిన పదునొకండవ మహాసభకును అధ్యక్షులైరి. భువనగిరిలో మహాసభ రెండుగా జీలెను. సభ్యత్వపు రుసుమును తగ్గించి, పల్లెవారికి తలుపు తెఱచిరి. నాటినుండి పల్లెలలో దానిని “సంగం” అనిరి. “సంఘము” తద్భవరూపమున జనుల నోట బడిన దినముననే అది జనులదైనదని చెప్పవచ్చును.

తరువాతి చరిత్రము సుప్రసిద్ధము. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య హతుడయ్యెను. 1947 సెప్టెంబరు 11న నారాయణరెడ్డిగారు, బద్దం ఎల్లారెడ్డిగారు, మఖ్దూం మొహియుద్దీనుగారు కలిసి సాయుధపోరాటమునకు పిలుపు నిచ్చిరి. 1948 సెప్టెంబరులో భారతసేన ప్రవేశించి నిజాము పాలన ముగిసెను. అటుపిమ్మట ఆయుధములు దించవలెనా వలదా యని పక్షములో తీవ్రమైన విభేదము పుట్టెను. ఇక పోరాటము కొనసాగింప రాదను వాదము నారాయణరెడ్డిగారిది. పిలుపునిచ్చినవాడే విరమింపుడని చెప్పుట సులభము కాదు. తనవారిచేతనే నిందలు పడవలసియుండును. పడిరి. 1951 అక్టోబరు 21న పోరాటవిరమణము జరిగెను. ఉద్యమనాయకుల లెక్క ప్రకారము సుమారు 3,000 గ్రామములలో 10 లక్షల యెకరములు పంచబడినవి. దాదాపు 4,000 మంది ప్రాణములు గోల్పోయిరి.

ఈ నడుమ నారాయణరెడ్డిగారు తమకు సంక్రమించిన భూమిలో సుమారు 500 ఎకరములు రైతుల కిచ్చిరి. బాలుని ప్రశ్నము ఇచ్చటిదే. “ఇచ్చిరి” అను క్రియకు అర్థమేమి?

దానమనగా తన స్వత్వమును తొలగించుకొని పరునకు స్వత్వము గలుగజేయుట యని శాస్త్రకారుల లక్షణము. రెండు భాగములును ఆవశ్యకములు. స్వత్వము తొలగకున్న అది దానము కాదు. పరునకు స్వత్వము కలుగకున్నను కాదు. ఈ భేదమును వైయాకరణులు విభక్తిచేత చూపిరి. బ్రాహ్మణునకు గోవు నిచ్చుచున్నాడన్నచోట బ్రాహ్మణశబ్దము సంప్రదానమై చతుర్థి నొందును. రజకునికి వస్త్రము నిచ్చుచున్నాడన్నచోట సంస్కృతమున చతుర్థి రాదు, షష్ఠియే వచ్చును. ఏలయన, ఉదుకుట కిచ్చిన వస్త్రము రజకునిది కాదు. తిరిగి పుచ్చుకొనుటకే యిచ్చినది. మన తెలుగున “కి, కు” వర్ణకములు చతుర్థికిని షష్ఠికిని సమానములగుటచే ఈ భేదము చెవికి వినబడదు. “చాకలికి బట్టలిచ్చితిని”, “పేదకు బట్టలిచ్చితిని” అను రెండు వాక్యములును ఒక్క తీరుననే యుండును. భేదమంతయు ఇచ్చినవాని మనసున దాగియుండును.

దీనికి ఆక్షేపము గలదని నే నెఱుగనివాడను గాను. భాష్యమున ఉపాధ్యాయుడు శిష్యునకు చెంపదెబ్బ నిచ్చుచున్నాడన్న ప్రయోగమున చతుర్థియే గలదు. చెంపదెబ్బలో స్వత్వమెక్కడిదని యడుగవచ్చును. ఆ మతమున సంప్రదానసంజ్ఞకు స్వత్వత్యాగ మావశ్యకము గాదు. ఐనను లోకమున భూమి విషయమున వృత్తికారమతమే యుపకరించునని నా తలంపు. భూమిని కౌలున కిచ్చుట వేఱు, వాస్తవముగా నిచ్చుట వేఱు.

శాస్త్రములోని రజకోదాహరణము మన చరిత్రమున మఱియొక విధముగ గనబడును. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ యను రజకస్త్రీ భూమి కౌలునకు దున్నుకొనుచుండెను. ఆమె పంటను విసునూరు దేశముఖు లాగికొన జూచెను. సంఘము తోడురాగా ఆమె పంటను ఇల్లు జేర్చుకొనెను. శాస్త్రములో రజకుని చేతిలోని వస్త్రము పరునిది. కాని దున్ని, విత్తి, కలుపు తీసి, కోసిన పంట యెవరిది? ఐలమ్మ యడిగినది ఈ ప్రశ్నమునే. వ్యాకరణమున షష్ఠికి సంబంధమర్థము. ఆ సంబంధమును పట్టా గలిగించునా, శ్రమము గలిగించునా యన్నది వ్యాకరణము తేల్చదు. దానిని సంఘము తేల్చుకొనవలెను.

నారాయణరెడ్డిగారి దానమును ఈ దృష్టితో జూడవలెను. అది కౌలు కాదు, కనికరము కాదు, సంప్రదానమున చతుర్థి. భువనగిరికి సమీపముననే పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వినోబాజీ యడుగగా వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములిచ్చిరి. భూదానోద్యమమునకు అదియే యాది. దానిని తక్కువ చేసి చెప్పరాదు. కాని యొకటి యాచకుని యెదుట పుట్టిన దానము, రెండవది దున్నువాని హక్కును దాత తానే యంగీకరించుటచే గలిగిన త్యాగము. మొదటిదానియందు దాత దాతగానే మిగులును. రెండవదానియందు ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును ఒకే సంఘమున సభ్యులగుదురు.

భూమిగలవారు రాజకీయమున బ్రవేశించుట లోకమున క్రొత్త కాదు. ఐరోపాలోని అల్బేనియా దేశమున షెఫ్కెత్ వెర్లాచి యనువాడు మహాభూస్వామి. 1924లో కొద్దినెలలును, ఇటలీవారు ఆ దేశము నాక్రమించిన పిమ్మట 1939 మొదలు 1941 వఱకును ప్రధానమంత్రియయ్యెను. రాజ్యమును భూమికి కంచెగా గట్టుకొన్నవాడని యతని జీవితము తెలుపుచున్నది. 1924లోనే అచ్చట ఫాన్ నోలి యను మతాచార్యుడు, షేక్స్పియరు నాటకములను తన భాషలోనికి దెచ్చిన పండితుడు, ప్రధానియై భూసంస్కారమును దలపెట్టెను గాని నెఱవేర్పలేక యా యేడాదిలోనే పదవి గోల్పోయెను. మన తెలుగువారిలో శ్రీకాళహస్తికి జెందిన పానుగంటి రామరాయణింగారు, పానగల్లు రాజాగారు, వేఱొక తీరువారు. సంస్కృతవిద్యావంతులు, జమీందారులు, 1921 మొదలు 1926 వఱకు మద్రాసు రాష్ట్రప్రధానిగా నుండిరి. ఆంధ్రవిశ్వకళాపరిషత్తు వారి కాలమున వెలసెను. ఆయన భూమిని విడువలేదు. భూమి గలిగించిన తీరికను రాజ్యకార్యములకు వినియోగించిరి. కావున భూస్వాములైన రాజకీయులు మూడు తెఱగులవారని చెప్పవచ్చును: భూమిని గాచుకొనుటకు వచ్చినవారు, భూమిపై నిలిచి వచ్చినవారు, భూమిని దిగవిడిచి వచ్చినవారు. మూడవ తెఱగువారు అరుదు. సుందరయ్యగారును, నారాయణరెడ్డిగారును అందలివారు.

జనులు దీనిని గుర్తించిరనుటకు 1952 సాధారణయెన్నికలు నిదర్శనము. హైదరాబాదు రాష్ట్రమున కమ్యూనిస్టు పక్షము అప్పటికి నిషిద్ధమై యుండుటచే ఆయన ప్రజాతంత్ర సంఘటన పక్షమున నల్లగొండనుండి లోకసభకు నిలిచిరి. ఆయనకు 3,09,162 వోట్లు వచ్చినవి. జవాహరలాల్ నెహ్రూగారికి వచ్చినవి 2,33,571. ఈ సంఖ్యలను జెప్పువారు తఱచుగ విడుచు విషయమొకటి గలదు. నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గము. ఒక్కొక్క వోటరునకు రెండు వోట్లు. రెండవ స్థానమున సుంకం అచ్చాలుగారు గెలిచిరి. నెహ్రూగారి స్థానమును ద్విసభ్యమే. కనుక పోలిక సరియైనదే. ఏకసభ్య స్థానములవారితో బోల్చుట మాత్రము సరికాదు. తరువాత 1957లో భువనగిరినుండి శాసనసభకును, 1962లో మరల నల్లగొండనుండి లోకసభకును ఎన్నికైరి. 1991లో దివంగతులైరి. మఱుసటి యేట, 1992లో, వారికి పద్మవిభూషణ బిరుదము మరణానంతరముగా బ్రకటింపబడెను. ఆ యేడే కాళోజీ నారాయణరావుగారికిని అదే బిరుదము లభించెను.

ఇంతవఱకు చరిత్రము చెప్పితిని. ఇక నాది యొకటి చెప్పి విరమింతును; చెప్పకున్న బాలునికి సగమే సమాధానమగును.

పటాన్‌చెఱువునకు సమీపమున మా తాతగారికి కొలది పట్టాభూమి యుండెను. దానిని మూడు తరములుగా ఒకే కుటుంబమువారు పాలునకు దున్నిరి. “ఆ భూమి వారికే యిచ్చితిమి” అని మా యింట చెప్పుకొనుచుండెడివారు. నేనును బాల్యమునుండి ఆ మాటనే నమ్మితిని. 1972లో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనసంస్థ పటాన్‌చెఱువున వెలసెను. ఆ దశాబ్దమునుండి కర్మాగారములు వరుసగా వచ్చినవి. చేనికంటె చేనిలోని గజమునకు వెల హెచ్చినది. అప్పుడు మావారు ఆ భూమిని విక్రయించిరి. విక్రయపత్రముపై నేనును సంతకము చేసితిని. దున్నినవారికి కొంత ద్రవ్యము, క్రొత్తబట్టలు ఇచ్చి పంపితిమి. పెద్దవాడు బట్టలను కన్నులకద్దుకొని, “బాంచెను” అని వెళ్లిపోయెను. ఆ మఱునాడు నేను తరగతిలో రజకుని వస్త్రోదాహరణము నెప్పటివలెనే చెప్పితిని. మేము మూడు తరములు “ఇచ్చితిమి” అన్నది షష్ఠి యని నాకు అప్పుడు స్ఫురింపలేదు. చాల యేండ్లకు ఈ బాలుడు లేచి యడిగిన నాడు స్ఫురించినది. ఆ కుటుంబమువారి మనుమడొకడు నేడు ఆ నేలపైననే నిలిచిన కర్మాగారమున కూలికి బోవుచున్నాడు.

కావున ఆ బాలునికి మరుసటివారము నే నిచ్చిన సమాధాన మిది. నాయనా, నీవు చెప్పినది సత్యము. ఇచ్చిన పిమ్మట నారాయణరెడ్డిగారు భూమికి స్వామి కారు. పుట్టుకచే దాయాదుడు, అనగా వారసత్వమున భాగము గలవాడు, అయిరి. గ్రామములలో జరిగినదానికి సాక్షి యయిరి. తుదకు జనులకు ప్రతిభువు, అనగా పూటగా నిలుచువాడు, అయిరి. ఈ శబ్దములన్నిటిని పాణిని ఒక్క సూత్రమున స్వామిశబ్దముతోబాటు కూర్చెను. స్వామి యనునది మొదటి మాట మాత్రమే. మనిషి అచ్చటనే నిలువవలెనను నియమము లేదు. పుస్తకకర్త భూస్వామి యని వ్రాసినది ఆయన పుట్టుకను జెప్పుటకని గ్రహింపుము. భూతపూర్వమును బట్టి వ్యవహరించుటయు లోకమున గలదు.

భాషాబోధకులైన సోదరులకు నా విన్నప మొకటి. పట్టా, పాలు, కౌలు, మక్తా, ఖుష్కీ, తరీ, బంచరాయి మున్నగు పదములను వాడిన వృద్ధులు మన గ్రామములలో దినదినమును తగ్గుచున్నారు. చేలు పోయినచోట ఆ పదములును పోవుచున్నవి. వానిని పిల్లలచేత సేకరింపించి అర్థముతో వ్రాయింపుడు. వ్రాయించునప్పుడు “ఇచ్చు” ధాతువును గూడ జేర్పుడు. ఎవరు, ఎవరికి, ఏ విభక్తితో నిచ్చిరో పిల్లలు తమ యిండ్లలోనే యడిగి తెలిసికొందురు గాక.